కంటోన్మెంట్‌లో కరెంటు పోతే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మిలిటరీలో నువ్వు చేసిన పని గురించి అరగంట చెప్పు" అన్నారు. ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తాను. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను. 1978లో ఇక్కడ పదో తరగతి పూర్తయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, 1984లో మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో చేరాను. ఎం.ఇ.ఎస్. అంటారు. సైన్యానికి, నావికాదళానికి, వైమానిక దళానికి ఇళ్లు, రోడ్లు, నీళ్లు, కరెంటు చూసే శాఖ అది. మాలాంటి సివిలియన్ ఉద్యోగులకు యూనిఫాం ఉండదు. మన ఊళ్లో ఇప్పటికీ కొందరు నన్ను "మేజర్ గారూ" అని పిలుస్తారు. మొదట్లో దిద్దేవాణ్ణి, తర్వాత మానేశాను.

ముప్పై ఎనిమిదేళ్లలో ఎక్కువ భాగం నేను చూసింది ఒకటే: మెయిన్స్ పోయినప్పుడు ఏమవుతుంది అని. మెయిన్స్ అంటే బయటి నుంచి వచ్చే సరఫరా. దాని గురించే చెబుతాను. ఎక్కడ ఏ మెషిన్ ఉంది, ఎంత డీజిల్ ఉంది లాంటివి చెప్పను, మీరూ అడగరు. బయట దేశాల ఉదాహరణలు చెప్పినప్పుడు అవన్నీ పత్రికల్లో వచ్చినవేనని గమనించండి.

చాలామంది అనుకుంటారు, కంటోన్మెంట్‌కి సొంతంగా ఎక్కడో కరెంటు తయారవుతుందని. కాదు. ఊళ్లో మీ ఇంటికి ఏ విద్యుత్ సంస్థ కరెంటు ఇస్తుందో, కంటోన్మెంట్‌కీ ఎక్కువ చోట్ల అదే ఇస్తుంది. పదకొండు వేల వోల్టుల మీదో, ముప్పై మూడు వేల మీదో ఒక చోట మీటరు పెట్టి టోకుగా కొంటాం. లోపల పంచుకుంటాం. గోడ చుట్టూ ముళ్ల కంచె, గేటు దగ్గర కాపలా, లోపలికి రావాలంటే పాసు. కానీ లోపలికి వచ్చే వైరు మాత్రం గోడ బయట అయిదారు కిలోమీటర్లు పొలాల మీదుగా, చింతచెట్ల పక్కనుంచి వస్తుంది. దానికి కాపలా లేదు. ఈ సంగతి కొత్తగా వచ్చిన ఆఫీసర్లకు చూపించినప్పుడల్లా వాళ్ల ముఖాలు మారడం చూశాను.

2012 జూలై 30 మీలో చాలామందికి గుర్తుండకపోవచ్చు. మన ఆంధ్రలో ఆ రోజు కరెంటు మామూలుగానే ఉంది. ఉన్నదంటే రోజువారీ కోతలతో ఉంది. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే తాళంలో కలిసి తిరగడం లేదు. రాయచూరు-షోలాపూర్ లైనుతో కలిసింది 2013 డిసెంబరు 31న. అందుకని మనకు ఏమీ కాలేదు. ఉత్తరాదిలో మాత్రం ఆ తెల్లవారుజామున రెండు గంటల ముప్పై మూడు నిమిషాలకు గ్రిడ్ మొత్తం పడిపోయింది. బీనా-గ్వాలియర్ మధ్య 400 కె.వి. లైను మీద భారం ఎక్కువై అది ట్రిప్ అయింది. దాని వెనక ఒకటొకటిగా అన్నీ. మర్నాడు మధ్యాహ్నం ఒంటి గంటకు మళ్లీ పోయింది, ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లతో కలిపి. అరవై కోట్ల మందికి పైగా జనం ఉండే ప్రాంతం. రైళ్లు ఆగిపోయాయి, ఢిల్లీ మెట్రో ఆగింది, బెంగాల్లో బొగ్గు గనుల్లో కార్మికులు లోపలే చిక్కుకుపోయారు.

అప్పుడు నేను ఉత్తరాదిలో ఒక మిలిటరీ స్టేషన్‌లో ఉన్నాను. ఏ ఊరో చెప్పను. అక్కడికి బదిలీ మీద వెళ్లి రెండు నెలలే అయింది. ఆ స్టేషన్‌లో ఒక మిలిటరీ ఆసుపత్రి ఉంది. ఆసుపత్రికి ఒక డీజిల్ జనరేటర్, ఐసీయూకి యూపీఎస్.

మెయిన్స్ పోతే ఏం జరగాలో చెబుతాను. మొదటి క్షణంలో యూపీఎస్ బ్యాటరీలు భారం ఎత్తుకోవాలి. లైటు రెప్ప కూడా వేయకూడదు. ఈలోగా ఒక కంట్రోలర్ మెయిన్స్ నిజంగానే పోయిందా, ఊరికే కన్నుగీటిందా అని రెండు మూడు సెకన్లు చూస్తుంది. పోయిందని తేలితే జనరేటర్‌కి స్టార్ట్ ఇస్తుంది. ఇంజను వేగం అందుకోవాలి, వోల్టేజీ నిలబడాలి, చేంజోవర్ స్విచ్ మెయిన్స్ వైపు నుంచి జనరేటర్ వైపు తిరగాలి. అన్నీ కలిపి పది పదిహేను సెకన్లు. ఆ పది సెకన్లలో పనిచేయాల్సిన వస్తువులు చాలా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి మొరాయించినా లక్షల రూపాయల జనరేటర్ ఇనుప దిమ్మ కింద లెక్క. నా అనుభవంలో ఎక్కువసార్లు మొరాయించేది అన్నిటికన్నా చవకది, స్టార్టింగ్ బ్యాటరీ.

ఆ రాత్రి బ్యాటరీ పనిచేసింది. జనరేటర్ పన్నెండు సెకన్లలో అందుకుంది. నైట్ డ్యూటీ ఆపరేటర్ నాకు ఫోన్ చేసి "సబ్ ఠీక్ హై సాబ్" అన్నాడు. నలభై నిమిషాల తర్వాత ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. తెల్లటి పొగ. వేగం పడిపోతూ, లేస్తూ, ఆగిపోయింది. యూపీఎస్ అరగంట ఇవ్వాల్సింది ఏడు నిమిషాలు ఇచ్చి చల్లబడింది. బ్యాటరీలు పాతబడ్డాయి. ఐసీయూలో ఇద్దరున్నారు. ఒకాయన రిటైర్డ్ సుబేదారు, వెంటిలేటర్ మీద. ఆ యంత్రానికి ఉన్న సొంత బ్యాటరీ కూడా ఎక్కువసేపు ఆగలేదు. నేను చేరేసరికి నర్సింగ్ ఆఫీసర్ మంచం తల దగ్గర నిలబడి రబ్బరు సంచి నొక్కుతూ ఆయనకు ఊపిరి పోస్తోంది. పక్కన ఒక సిపాయి టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చెయ్యి నొప్పిపుట్టినప్పుడు అతను నొక్కుతున్నాడు. లెక్కపెడుతూ నొక్కుతున్నాడు, పైకి వినపడేలా.

మేము ఫిల్టర్లు విప్పితే లోపల నల్లటి జిగురు. కొత్త ఫిల్టర్లు వేసి, పైపులో చేరిన గాలి తీసి, మళ్లీ స్టార్ట్ చేయడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆయన బతికారు. ఆ పద్దెనిమిది నిమిషాల్లో మేం చేసిన పని గురించి కాదు, వాళ్లిద్దరి చేతుల వల్ల.

తర్వాత విచారణ జరిగింది. లాగ్‌బుక్ తెప్పించారు. అందులో ఏ లోపమూ లేదు. కొన్నేళ్లుగా ప్రతి సోమవారం ఉదయం జనరేటర్ పది నిమిషాలు నడిపారు, "సంతృప్తికరం" అని రాశారు, సంతకం పెట్టారు. ఒక్క వారం కూడా తప్పలేదు. జూలై 30 కూడా సోమవారమే. మెయిన్స్ పోకపోయి ఉంటే ఆ ఉదయం కూడా పది నిమిషాలు నడిపి సంతృప్తికరం అనే రాసేవారు. అబద్ధం కాదు, ఆ పది నిమిషాలు అది సంతృప్తికరంగానే నడిచేది.

ఇక్కడ కాస్త ఆగి ఆ నల్లటి జిగురు సంగతి చెప్పాలి. మా ఫిజిక్స్ మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పు చెబితే దిద్దుతారు. డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంటే మిగతా సగంలో గాలి ఉంటుంది. రాత్రి చల్లబడినప్పుడు ఆ గాలిలో తేమ ట్యాంకు గోడలకు పట్టి నీటిబొట్లుగా కిందికి దిగుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు, అడుగున చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి డీజిల్ తిని బతుకుతాయి. చచ్చినవి, బతికినవి కలిసి నల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటాయి. పది నిమిషాలు నడిపితే ఆ మడ్డి కదలదు. గంటసేపు భారం మీద నడిపితే, తిరిగి వచ్చే డీజిల్ ప్రవాహానికి అడుగు కలబడి మడ్డి అంతా ఫిల్టర్‌లోకి వస్తుంది. అంటే జనరేటర్ మనకు నిజంగా అవసరమైన రోజునే చెడిపోయేలా ఏర్పాటు అయి ఉందన్నమాట.

ఖాళీగా నడపడంలో ఇంకో చెరుపు ఉంది. డీజిల్ ఇంజను బరువు మోస్తేనే వేడెక్కుతుంది, వేడెక్కితేనే ఇంధనం పూర్తిగా కాలుతుంది. దాని సామర్థ్యంలో మూడో వంతు కూడా భారం వేయకుండా నడిపితే కాలని డీజిల్, మసి కలిసి పొగగొట్టంలో తారులాగా పేరుకుంటాయి. పొగగొట్టం అతుకుల దగ్గర నల్లటి నూనె కారుతూ కనపడుతుంది. ఎక్కడైనా జనరేటర్ చూస్తే ముందు అక్కడ చూడండి. దాన్ని ఎలా నడిపారో ఆ మరకే చెబుతుంది. వారం వారం పరీక్ష పేరుతో మేము చేస్తున్నది మెషిన్‌ని కొద్దికొద్దిగా పాడుచేయడం.

ఆ తర్వాత అడిగింది ఒకటే. నెలకోసారి, పట్టపగలు, డాక్టర్లందరూ ఉన్నప్పుడు, మెయిన్స్ బ్రేకర్ నిజంగా తీసి, ఆసుపత్రి భారమంతా రెండు గంటలు జనరేటర్ మీద నడపాలి అని. ఆసుపత్రి కమాండెంట్ ఎగిరిపడ్డారు. "నా పేషెంట్లకు కరెంటు నువ్వే తీస్తావా?" అన్నారు. "సార్, రోజూ గంటా మీరే చెప్పండి, ఆపరేషన్లు లేని రోజు చెప్పండి. గ్రిడ్ అయితే మిమ్మల్ని అడగదు" అన్నాను. మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరికి ఒప్పుకున్నారు. మొదటి పరీక్షలోనే మూడు విషయాలు బయటపడ్డాయి: ఆక్సిజన్ మెషిన్ ఉన్న గదికి జనరేటర్ లైనే లేదు, లిఫ్ట్ వచ్చేసరికి వోల్టేజీ కుంగుతోంది, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ ఎవరో మామూలు సాకెట్‌కి మార్చారు. కాగితం మీద ఇవన్నీ ఉన్నట్టే ఉన్నాయి.

ఈ పరీక్ష మా ఒక్క చోట తంటా కాదు. అమెరికాలో ఫోర్ట్ బ్రాగ్ అని చాలా పెద్ద సైనిక స్థావరం ఉంది. 2019 ఏప్రిల్‌లో అక్కడివాళ్లు ఒక రాత్రి స్థావరం మొత్తానికి కరెంటు తీసేశారు, సైబర్ దాడి జరిగినట్టు అనుకుని. లోపల కాపురముంటున్న వేలమందికి ముందు చెప్పలేదు. పన్నెండు గంటలకు పైగా చీకటి. కుటుంబాలు గగ్గోలు పెట్టాయి, అధికారులు క్షమాపణ చెప్పుకున్నారు. నేనైతే చెప్పకుండా తీయడాన్ని సమర్థించను. ఇంట్లో మందులు ఫ్రిజ్‌లో పెట్టుకున్నవాళ్లుంటారు. కానీ తీయడం మాత్రం సరైన పనే. అలా తీస్తే తప్ప ఏది దేనికి వేలాడుతోందో ఎవరికీ తెలియదు.

ఇక, జనరేటర్ మీద ఏవి పెట్టాలి అన్నది నిర్ణయించడం. ఇది ఇంజనీరింగ్ కాదు, పంచాయితీ. అత్యవసరం ఏమిటో రాసివ్వండి అని అడిగితే ప్రతి ఆఫీసూ తనదే అత్యవసరం అంటుంది. ఒక స్టేషన్‌లో నాకు వచ్చిన జాబితాలన్నీ కలిపితే మామూలు రోజు వాడకం కన్నా ఎక్కువ తేలింది! ఆసుపత్రి, సిగ్నల్ సెంటర్, రన్‌వే దీపాలు, మందుగుండు కొట్ల చుట్టూ కాపలా దీపాలు, వీటి మీద తగాదా లేదు. అందరూ మర్చిపోయేది నీళ్ల పంపు. కరెంటు లేకుండా ఒక రాత్రి గడుస్తుంది. నీళ్లు లేకుండా రెండువేల మంది ఒక పూట గడపలేరు. మెస్‌లో ఏసీ కోసం నాతో వాదించిన ఒక పెద్దాయనకు నేను ఇచ్చిన జవాబు ఇక్కడ చెప్పను, మాస్టార్లున్నారు.

జాబితా ఒకసారి తేలాక కూడా అక్కడితో అయిపోదు. జనరేటర్ లైన్ ఏ గదిలో ఉందో ఆరు నెలల్లో అందరికీ తెలిసిపోతుంది. ముందు ఒక కెటిల్, తర్వాత హీటర్, తర్వాత ఒక ఏసీ దాని మీదికి వస్తాయి. ఏడాదికోసారి గది గదికీ తిరిగి పీకేయడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఎంతమందికి శత్రువునయ్యానో లెక్కలేదు.

ఎంతసేపు నడపాలి అన్నది తర్వాతి ప్రశ్న. మామూలుగా జనరేటర్ కింద 990 లీటర్ల ట్యాంకు ఉంటుంది. 250 కె.వి.ఎ. మెషిన్ నిండు భారం మీద గంటకు యాభై లీటర్లకు పైగా తాగుతుంది. ఇరవై గంటలు అనుకోండి. మామూలు బ్రేక్‌డౌన్‌కి అది చాలు. మరి వారం రోజులు రాకపోతే?

టర్కీలో ఇన్‌జిర్లిక్ అని వైమానిక స్థావరం ఉంది. టర్కీవాళ్లదే, అమెరికావాళ్లు కూడా అక్కణ్ణుంచి పనిచేస్తారు. 2016 జూలైలో టర్కీలో తిరుగుబాటు ప్రయత్నం జరిగింది. ఆ స్థావరంలో కొందరు టర్కీ అధికారులకు అందులో పాత్ర ఉందని ప్రభుత్వం అనుమానించి, స్థావరానికి బయటి కరెంటు తీసేసింది. దాదాపు వారం రోజులు ఆ స్థావరం జనరేటర్ల మీద నడిచింది. సిరియా, ఇరాక్ వైపు విమానాలు వెళ్లే స్థావరం అది. శత్రువు బాంబు వేయలేదు, వైరు కోయలేదు, తుఫాను రాలేదు. ఎవరి నేల మీద ఉన్నారో ఆ ప్రభుత్వమే స్విచ్ తీసింది. ఇలాంటి కారణం మా అత్యవసర ప్రణాళికల్లో ఎక్కడా నేను చూసి ఉండలేదు. మరుసటేడు, 2017లో, అమెరికా సైన్యం తన స్థావరాల్లో ముఖ్యమైన పనులు బయటి కరెంటు, నీళ్లు లేకుండా పద్నాలుగు రోజులు నడవాలని ఆదేశం ఇచ్చింది. పద్నాలుగు రోజులకు ఇందాకటి లెక్క కడితే ఒక్క 250 కె.వి.ఎ. మెషిన్‌కే దాదాపు పదిహేడు వేల లీటర్లు కావాలి. పద్నాలుగు రోజులు ఆగకుండా నడిస్తే మధ్యలో ఇంజన్ ఆయిల్ కూడా మార్చాలి. అందుకు రెండో మెషిన్ ఉండాలి. నడపడానికి మూడు షిఫ్టుల మనుషులు ఉండాలి. ఆ మనుషుల ఇళ్లు కూడా అదే ఊళ్లో అదే చీకట్లో ఉంటాయి.

ఈ చివరి మాట మనవాళ్లకు వివరంగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటినప్పుడు గాలి గంటకు 170, 180 కిలోమీటర్లు. వేల స్తంభాలు నేలకూలాయి. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. ఆ రన్‌వే నావికాదళానిదే, మనం ఎక్కే విమానాలూ అప్పుడు అక్కణ్ణుంచే ఎగిరేవి. నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. పెట్రోలు బంకుల ముందు బారులు. ఈ సభలో విశాఖ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, ఆ వారం వాళ్లకు బాగా గుర్తుంటుంది. నేను అప్పుడు ఉత్తరాదిలోనే ఉన్నాను గానీ మా బావమరిది కుటుంబం గాజువాకలో ఉంది. మూడు రోజుల దాకా ఫోను కలవలేదు. సెల్ టవర్ల కింద జనరేటర్లు ఉన్నాయి, వాటికి డీజిల్ తెచ్చే బండికి దారి లేదు. చెట్లు పడి ఉన్నాయి. నేవీ జవాన్లు చెట్లు కోసి దారులు చేశారు. కరెంటు సిబ్బంది ఇతర జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి కూడా వచ్చి స్తంభాలు ఎత్తారు. కంటోన్మెంట్ అయినా, నేవల్ బేస్ అయినా, ఆసుపత్రి అయినా, డీజిల్ ఎన్ని రోజులకు ఉంది అని అడిగితే సరిపోదు. ఆ డీజిల్ ట్యాంకు దాకా వచ్చే రోడ్డు మీద ఎన్ని చెట్లున్నాయని కూడా అడగాలి.

రోడ్డు అంటే నాకు లేహ్ గుర్తొస్తుంది. 1994 నుంచి రెండేళ్లు అక్కడ పనిచేశాను. సముద్ర మట్టానికి మూడున్నర వేల మీటర్ల ఎత్తు. అక్కడ గాలి మన దగ్గరి గాలిలో మూడింట రెండొంతులే. మనిషి ఆయాసపడినట్టే ఇంజనూ ఆయాసపడుతుంది. మైదానంలో వంద ఇచ్చే మెషిన్ అక్కడ వంద ఇవ్వదు. బోర్డు మీద రాసిన అంకె నమ్మి కనెక్షన్లు ఇచ్చామా, అయిపోయామే. ఆ రోజుల్లో లేహ్‌కి దేశ గ్రిడ్‌తో సంబంధం లేదు. శీతాకాలంలో జోజిలా కనుమ మూసుకుపోతుంది, మనాలీ వైపూ మంచే. ఎండాకాలంలో లారీల మీద వచ్చిన డీజిల్, కిరోసిన్‌తోనే శీతాకాలమంతా గడపాలి. చలికి మామూలు డీజిల్‌లో మైనం గడ్డకట్టి పైపులో ఆగిపోతుంది. కొంత కిరోసిన్ కలిపేవాళ్లం. బ్యాటరీ సున్నాకు ఇరవై డిగ్రీలు కింద సగం బలం కూడా ఇవ్వదు. అందుకని రాత్రి బ్యాటరీలు విప్పి బుఖారీ పొయ్యి ఉన్న గదిలో పడుకోబెట్టి, తెల్లారి మళ్లీ బిగించేవాళ్లం. మా ఆపరేటర్ ఒకతను, శ్రీకాకుళం జిల్లావాడు, వాటిని "పిల్లలు" అనేవాడు. "పిల్లల్ని లోపలికి తెచ్చావా?" అని రోజూ రాత్రి ఒకరినొకరు అడుక్కోవడం అక్కడి అలవాటు.

పై పోస్టులకు ఇంకా కష్టం. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి కంచరగాడిదలు, కూలీలు, ఆఖరికి హెలికాప్టర్లు. జెర్రీకాన్లలో కిరోసిన్ వెళ్లేది. ఒక లీటరు పైకి చేర్చడానికి దారిలో ఎన్ని లీటర్లు కాలేవో లెక్కవేస్తే నిద్రపట్టదు. అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యం 2007 నాటి లెక్కలు తీసి చూసుకుంది. ఇంధనం తీసుకెళ్లే ప్రతి ఇరవై నాలుగు కాన్వాయ్‌లకు ఒక మనిషి చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ ఇంధనంలో చాలా భాగం ఎండకు మండిపోయే గుడారాల్లో ఏసీలు నడపడానికి కాలుతోంది. గుడారాల మీద వేడి లోపలికి రాకుండా నురగ పూత వేస్తే వాడకం బాగా తగ్గిందని తర్వాత కనుక్కున్నారు. జనరేటర్ పెద్దది కొనేకంటే ముందు చూరు కప్పుకోవాలని మా అమ్మమ్మ అయినా చెప్పేది.

ఇప్పుడు లేహ్ మారింది. శ్రీనగర్ నుంచి ద్రాస్, కార్గిల్ మీదుగా దాదాపు 335 కిలోమీటర్ల 220 కె.వి. లైను వేశారు. 2019 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. అదే ఏడాది నవంబరులో ఇండియన్ ఆయిల్ సున్నాకు ముప్పై మూడు డిగ్రీలు కిందికి పోయినా గడ్డకట్టని శీతాకాలపు డీజిల్ తెచ్చింది. ఈ రెండు వార్తలూ చదివినప్పుడు నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. కానీ లైను వచ్చింది కదా అని జనరేటర్లు తీసేయమనే మాట అక్కడక్కడా వినపడింది. హిమపాతాలు జారే కొండల మీదుగా వచ్చే లైను అది. నా మట్టుకు నేను, లైను వచ్చిన చోట జనరేటర్‌ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలంటాను. అలవాటు తప్పుతుంది కాబట్టి.

డీజిల్ లారీ ఎక్కకుండా ఉండే దారి ఉందా అని వెతుకుతున్నారు. ఇందులో మన ప్రాంతానికి ఒక పాత్ర ఉంది. విశాఖ దగ్గర పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం ఉంది కదా. అక్కడ రిజర్వాయరు మీద తేలే సౌర ఫలకలు పెట్టారు. ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, నిల్వచేసి, రాత్రి ఫ్యూయల్ సెల్ ద్వారా మళ్లీ కరెంటు చేసే చిన్న ప్రయోగానికి 2021 డిసెంబరులో పని అప్పగించారు. లడఖ్ లాంటి చోట్ల డీజిల్ బదులు పనికొస్తుందేమో చూడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. 2023 మార్చిలో సైన్యం సరిహద్దుల్లో ఇలాంటివి పెట్టడానికి ఎన్టీపీసీ అనుబంధ సంస్థతో ఒప్పందం చేసుకుంది. స్థలం సైన్యం ఇస్తుంది, తయారైన కరెంటు కొంటుంది. లడఖ్‌లో చుషూల్ దగ్గర, నాలుగువేల నాలుగు వందల మీటర్ల ఎత్తులో, ఏడాది పొడవునా 200 కిలోవాట్లు ఇచ్చేలా ఒకటి తలపెట్టారు.

హైడ్రోజన్ దారిలో పెట్టిన కరెంటులో తిరిగొచ్చేది మూడో వంతుకు అటూ ఇటూ. బ్యాటరీ అయితే పదింట ఎనిమిది తొమ్మిదొంతులు తిరిగిస్తుంది. ఇక్కడ మన ఊళ్లో హైడ్రోజన్ పెడతానంటే నేను వద్దంటాను. చుషూల్‌లో లెక్క వేరు. అక్కడ ఎండ ఉచితం, లారీ ఖరీదు. దాన్ని నడిపే కుర్రాళ్లు సున్నాకు ముప్పై కింద వాల్వులు ఎలా చూసుకుంటారో చూడాలని ఉంది. కాగితం మీద సంతృప్తికరంగా ఉంటుంది, అందులో సందేహం లేదు.

కంప్యూటర్ల సంగతి కూడా ఒక్క మాట. ఇప్పుడు వచ్చే ఏర్పాట్లన్నీ తెర మీద వేలితో నడిచేవే. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో కరెంటు సంస్థల కంప్యూటర్లలోకి చొరబడి సబ్‌స్టేషన్లు ఆపేశారు. రెండు లక్షల పైచిలుకు కనెక్షన్లు చీకట్లోకి వెళ్లాయి. చొరబడ్డవాళ్లు కంట్రోల్ రూమ్ యూపీఎస్‌లను కూడా ఆపేలా ఏర్పాటు చేసుకుని మరీ వచ్చారు. కొన్ని గంటల్లో సరఫరా తిరిగి వచ్చిందంటే కారణం, సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లు చేత్తో వేశారు. ఆ హ్యాండిల్స్ ఇంకా ఉన్నాయి, వాటిని తిప్పడం తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. కొత్త ప్యానెల్ కొంటున్నప్పుడు "చేత్తో తిప్పే హ్యాండిల్ ఉందా?" అని అడిగితే అమ్మేవాడు నన్ను పాతకాలం మనిషిని చూసినట్టు చూసేవాడు. ఉంటేనే కొనేవాణ్ణి.

కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. ఇంకొక్క విషయం, ఇది సంఘానికి. స్వర్ణోత్సవ కానుకగా బడికి జనరేటర్ ఇద్దామన్న ప్రతిపాదన రేపటి సర్వసభ్య సమావేశంలో ఉందని విన్నాను. నిన్న సాయంత్రం హెడ్మాస్టారి అనుమతితో బడంతా తిరిగి చూశాను. కరెంటు పోతే ఇక్కడ నిజంగా ఆగకూడనివి కంప్యూటర్ గది, ఆఫీసు, బోరు మోటారు, ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు. అన్నీ కలిపి పది కిలోవాట్లు దాటదు. ప్రతిపాదనలో రాసిన అరవై రెండున్నర కె.వి.ఎ. జనరేటర్ దీనికి అయిదింతలు. అది ఎప్పుడూ సరైన భారం మీద నడవదు, రెండేళ్లలో పొగగొట్టం దగ్గర నల్ల మరక వస్తుంది. డాబా మీద ఎండ బాగా పడుతోంది. సౌర ఫలకలు, బ్యాటరీలు పెట్టి, దానికి తోడుగా పదిహేను కె.వి.ఎ. చిన్న జనరేటర్ పెడితే చాలు. మిగిలిన డబ్బు బ్యాంకులో వేసి, ఆ వడ్డీ డీజిల్‌కీ బ్యాటరీలు మార్చడానికీ మాత్రమే వాడాలని తీర్మానంలో రాయండి. నెలకోసారి మెయిన్స్ తీసి గంటసేపు నడిపే మనిషి పేరు కూడా రాయండి. నేను ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను, మొదటి రెండేళ్లు ఆ పేరు నాది రాసుకోవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇద్దరిని నాతో పంపితే హ్యాండిల్ తిప్పడం నేర్పుతాను.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి.